ముందు సీటు ఒక్కటే

తాడేపల్లిగూడెంలో ఒక కార్ల షోరూంలో సేల్స్‌లో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా నేను అమ్మింది ఒకటే కారు. ఒక బండి అని కాదు, ఒక మోడలు. ఐదుగురు కూర్చునే, వెనక డిక్కీ పొడుచుకొచ్చే మధ్యతరహా సెడాన్. నా సర్వీసులో అది నాలుగు రూపాలెత్తింది. నేను ఒక్కసారే రూపం మార్చాను, జుట్టు ఊడినప్పుడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, ఏవైనా మెళకువలు చెప్పండి" అని అడుగుతుంటారు. టార్గెట్లు, ప్రమోషన్లు, ఫారాల గురించి నేనేం చెప్పను. అవి ఎవరూ చెప్పకపోయినా వచ్చి నెత్తిన కూర్చుంటాయి. నేను చెప్పగలిగింది ఒక కుటుంబం గురించి, వాళ్లు కొన్న నాలుగు కార్ల గురించి, ఆ నాలుగింటిలోనూ నేను వదలకుండా చేసిన ఒకే తప్పు గురించి.

కాగితం మీద కారు

ప్రతి మోడలుకూ కంపెనీ ఒక నున్నటి కాగితం పంపిస్తుంది. ఇంజను ఎన్ని సీసీలు, చక్రాల మధ్య దూరం ఎంత, డిక్కీలో ఎన్ని లీటర్లు పడుతుంది, అన్నీ ఉంటాయి. మొదటి నెలంతా దాన్ని బట్టీపట్టి అప్పజెప్పాను. భీమడోలు నుంచి వచ్చిన ఒక రైతు ఓపిగ్గా అంతా విని, "డిక్కీ ఇన్ని లీటర్లంటున్నారు, అందులో పాలు పోయాలాండి?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. మా మేనేజరు ప్రకాశరావు గారు పక్కనుంచి వచ్చి, "చేపల మేత బస్తాలైతే నాలుగండి. సారె సామానైతే మొత్తం పడుద్దండి" అన్నారు. రైతు ఆ రోజే అడ్వాన్సు ఇచ్చి వెళ్లాడు.

ప్రకాశరావు గారు మంచి బాసని నేను చెప్పను. కోపం ముక్కు మీద ఉండేది. తప్పు తనదైతే ఇంకా గట్టిగా అరిచేవారు. కాని వచ్చినవాళ్లు దేంతో కొలుస్తారో దాంతోనే మనమూ కొలవాలన్న సంగతి మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ఉదాహరణకి కొబ్బరికాయ. నేలకీ కారు పొట్టకీ మధ్య ఉండే ఎత్తుని గ్రౌండ్ క్లియరెన్సు అంటారు. కాగితంలో అది మిల్లీమీటర్లలో ఉంటుంది. మా వైపు మిల్లీమీటర్లని ఎవరూ నమ్మరు. డెలివరీ రోజున పూజకి తెచ్చిన కాయల్లో పెద్దది ఒకటి ఏరి, ఇంటిల్లిపాదినీ కార్లో కూర్చోబెట్టి, ఆ కాయను కారు కింద ఇటునుంచి అటు దొర్లిస్తారు. పిలకతో సహా అవతలికి వచ్చిందంటే చెరువు గట్టు మీద కారు పొట్ట తగలదని అర్థం. హైదరాబాదు నుంచి వచ్చిన ట్రైనరు అది చూసి పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. కాగితంలో ఉన్న ఎత్తు ఖాళీ కారుది. మా జిల్లాలో కారు ఖాళీగా ఎక్కడికీ వెళ్లదు. జనం ఎక్కాక బండి ఎంత కిందికి దిగుతుందో కొబ్బరికాయే చెప్పాలి.

డెలివరీకి ఇంకో రెండు కట్టుబాట్లు కూడా ఉన్నాయి. పూజ అయ్యాక ఇంటివాళ్లు తప్ప బయటివాడు స్టీరింగు పట్టకూడదు. శుభమా అని ఎక్కి కూర్చున్నవాళ్లు బండి కదలకుండా దిగకూడదు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

మొదటి కారు

బుల్లబ్బాయి గారిది గణపవరం అవతల కొల్లేరు వైపు ఊరు. చేపల చెరువులు చేసేవారు. మొదటి సెడాన్ కొనడానికి తల్లి మహలక్ష్మమ్మ గారితో, భార్య సత్యవతి గారితో వచ్చారు. అప్పటి బండికి అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. వెనక అద్దాలు సగం దాకా దిగి ఆగిపోయేవి. ఏసీ ముందువాళ్లకే తగిలేది.

మహలక్ష్మమ్మ గారు నేరుగా వెళ్లి ముందు ఎడమవైపు తలుపు తీసుకుని, చెప్పులు బయట విడిచి కూర్చున్నారు. "నాకిక్కడైతేనే రోడ్డు కనపడుద్దండి. మావాడు ఎలా తోల్తున్నాడో చూడాలి కదండీ" అన్నారు. ఆవిడకి ఒక అలవాటుండేది. కొడుకు బ్రేకు వేసినప్పుడల్లా తనూ కుడికాలితో నేలను గట్టిగా తొక్కేవారు. అక్కడ బ్రేకు లేదమ్మా అంటే, "ఒక్కడి కాలికి ఇంత బండి ఆగుద్దాండి?" అని నన్నే అడిగారు.

సత్యవతి గారిని వెనక కూర్చోబెట్టి ఊళ్లో ఒక చుట్టు నేనే తోలుకొచ్చాను. ఆవిడ దిగీ దిగగానే షోరూం మెట్టు మీద తల పట్టుకుని కూలబడ్డారు. వెనక సీట్లో కూర్చుంటే కడుపులో తిప్పుతుందట. "బస్సులో అయితే ఏమీ అవదండి. డ్రైవరు పక్కన ఇంజను దగ్గర కూర్చుంటాను" అన్నారు.

"అయితే మీరు ముందు కూర్చోండమ్మా, పెద్దావిడ వెనక్కి వస్తారు" అన్నాను తెలివిగా.

ముగ్గురూ నా వైపు చూశారు. "అత్తగారిని వెనక్కి నెట్టి కోడలు ముందెక్కిందంటారండి. వద్దులెండి" అని సత్యవతి గారే అన్నారు. "నాకేం, వెనకైనా కూర్చుంటానే అమ్మాయ్" అన్నారు మహలక్ష్మమ్మ గారు. అన్నారు గాని సీట్లోంచి దిగలేదు.

డెలివరీ అయింది. అట్టతో చేసిన మూడడుగుల తాళంచెవిని బుల్లబ్బాయి గారి చేతిలో పెట్టి అందరితో ఫోటో తీయించాను. కారు గేటు దాటి వెళ్లింది. కాసేపటికి టీ తాగుదామని బయటికొస్తే, ఎదురుగా బస్టాపులో సత్యవతి గారు మేమిచ్చిన స్వీటు పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు. కొత్త కారు కొన్న ఇల్లాలు గణపవరం బస్సెక్కి ఇంటికి వెళ్లింది.

తర్వాత సర్వీసింగుకి వచ్చినప్పుడు బుల్లబ్బాయి గారు ఇలా అన్నారు. "కారు కొన్నాక మా ఆవిడ ఊరు కదలడం మానేసిందండి. ఇదివరకు అందరం బస్సులో పోయేవాళ్లం కదండీ. ఇప్పుడు మేం కార్లో పోతాం, ఆవిడ ఇంట్లో ఉంటుంది." ఉండి అనే ఊళ్లో ఆవిడ సొంత చెల్లెలి కూతురి పెళ్లి. వీళ్లు కార్లో ముందే వెళ్లిపోయారు. ఆవిడ రెండు బస్సులు మారి వెళ్లేసరికి తలంబ్రాలు అయిపోయి, జనం భోజనాలకి లేచారట. ఆ మాట విని నాకు సిగ్గేసింది. నేను ఆ ఇంటికి కారు అమ్మానో, ఆవిడ కాళ్లకి సంకెళ్లు అమ్మానో అర్థం కాలేదు. ఎలాగైనా ఆవిడ అందరితో కలిసి కార్లో వెళ్లేలా చేయాలని పంతం పట్టాను.

పుస్తకాల జేబు

పంతం పట్టానన్నాను గాని, అమ్మకాలవాడి పంతం ఎలా ఉంటుందో మీకు తెలియదు. కారు తరవాతి రూపం వచ్చేదాకా ఆగి, అది కొనిపించడం.

రెండో రూపం డీజిలు. బటన్ నొక్కితే నాలుగు అద్దాలూ దిగేవి, వెనకవి కూడా పూర్తిగా. "గాలి ఆడితే తిప్పదండి" అని నేనే బుల్లబ్బాయి గారికి ఫోన్ చేసి పిలిపించాను. ముందు సీటు వీపుకి కొత్తగా ఒక జేబు కుట్టారు. కంపెనీ కాగితంలో దాని పేరు మ్యాగజైన్ పాకెట్. నేను అందులో ఒక వారపత్రిక దోపి, "హాయిగా చదువుకుంటూ వెళ్లొచ్చమ్మా" అన్నాను. కడుపులో తిప్పే మనిషికి కదిలే కార్లో చదువుకోమని చెప్పిన ఘనుణ్ని నేను. సత్యవతి గారు పత్రిక తీసి నా చేతికిచ్చి, తన సంచిలోంచి మడతపెట్టిన ప్లాస్టిక్ కవర్లు నాలుగు తీసి ఆ జేబులో పెట్టారు. "దీనికైతే బావుందండి" అన్నారు.

డెలివరీ రోజు ఆవిడ కార్లో పిప్పర దాకా వెళ్లారు. అక్కడ దిగి మిగతా దారి బస్సులో వెళ్లారు. నేను మాత్రం సగం దారి వెళ్లారు కదా, అభివృద్ధేనని ఆనందపడ్డాను.

జారే వినాయకుడు

మూడో రూపం పొడవు పెరిగింది. వెనకవాళ్ల మోకాళ్లకి చోటొచ్చింది, వెనక్కి ఏసీ వచ్చింది, గుంటలు తెలియకుండా మెత్తటి సస్పెన్షన్ వచ్చింది. ఇక తిరుగులేదనుకున్నాను. మెత్తటి సస్పెన్షన్ అంటే వెనక సీటు ఉయ్యాల అని నాకు తట్టలేదు. సత్యవతి గారు ఊరి చివరి రైల్వే గేటు దాకా కూడా వెళ్లలేకపోయారు. అక్కడే దిగి, షోరూం ఎదుటి బస్టాపుకి వెనక్కి నడిచొస్తూ నాకు నమస్కారం పెట్టారు. ఆ నమస్కారం చాలా రోజులు గుచ్చుకుంది.

ఆ మోడలుకి డాష్‌బోర్డు ఏటవాలుగా చేశారు, అందం కోసం. దాని మీద వినాయకుణ్ని అతికించినా ఎండకి జిగురు కరిగి నిలవడు. బ్రేకు వేసినప్పుడల్లా జారి మహలక్ష్మమ్మ గారి ఒళ్లో పడేవాడు. "దేవుడే ఒళ్లోకి వస్తున్నాడంటే అదృష్టమే కదమ్మా" అన్నాను. "వస్తే మంచిదేనండి. గణపవరం వెళ్లేలోగా ఇరవైసార్లు వస్తున్నాడు" అన్నారావిడ. నేను ఒక వడ్రంగిని పట్టుకుని ఏటవాలుకి సరిపడా చిన్న చెక్కపీట చేయించాను. రెండు నెలల్లో ఆ చుట్టుపక్కల మా సెడాన్లన్నిటిలోనూ ఆ పీటే. తనిఖీకి వచ్చిన కంపెనీ మనిషి అనుమతి లేని విడిభాగం అని రాసుకుపోయాడు. ప్రకాశరావు గారు నన్ను నలుగురి ముందూ తిట్టి, సాయంత్రం తన కారుకి కూడా ఒక పీట చేయించమన్నారు.

వినాయకుడి సమస్య వారంలో తేల్చాను. ఆయన జారుతున్నాడు కాబట్టి ఆయన కింద చోటు చూశాను. సత్యవతి గారి విషయంలో ఎప్పుడూ కారుకేం పెట్టారా అని చూశాను గాని, ఆవిడకి ఎక్కడ చోటుందా అని చూడలేదు. అది తెలియడానికి నాలుగో కారు రావాలి, కొబ్బరికాయ ఇరుక్కోవాలి.

కాయ ఇరుక్కున్న రోజు

నా రిటైర్మెంటుకి నాలుగు నెలలుందనగా నాలుగో రూపం వచ్చింది. డీజిలు పోయింది. ఎయిర్‌బ్యాగులు ఆరు, టీవీ అంత తెర, పైకప్పుకి అద్దం. క్లచ్ లేదు, గేర్లు అవే పడతాయి. బ్రేకు మీద నుంచి కాలు తీస్తే చాలు, బండి దానంతటది మెల్లగా ముందుకి పాకుతుంది. మైలేజీ కోసం పొట్ట కాస్త కిందికి దించి, కింద ప్లాస్టిక్ రేకు ఒకటి బిగించారు. బుల్లబ్బాయి గారికి ఎడమ మోకాలు అరిగింది, క్లచ్ తొక్కలేకపోతున్నారు. అందుకే ఈ కారు.

డెలివరీ రోజు షోరూం లోపలే పూజ అయింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మహలక్ష్మమ్మ గారు తన సీట్లో కూర్చున్నారు. వెనక బుల్లబ్బాయి గారి మేనత్తలు ముగ్గురు సర్దుకున్నారు. ముగ్గురూ నిండైన మనుషులు. సత్యవతి గారు ఎప్పటిలాగే పక్కన నిలబడ్డారు, చేతిసంచితో, బస్సుకి సిద్ధంగా. బుల్లబ్బాయి గారు పెద్ద కాయ ఒకటి తీసుకుని నేల మీద బోర్లాపడుకుని కారు కిందకి దొర్లించారు.

కాయ సగం దూరం వెళ్లి ప్లాస్టిక్ రేకుకీ నేలకీ మధ్య బిగుసుకుపోయింది.

ఆయన చెయ్యి లోపలికి పెట్టి కాయను పట్టుకున్నారు. పిలక విరిగితే అపశకునం కాబట్టి వదలనన్నారు. నేను అవతలి పక్కన పడుకుని తుడిచే కర్రతో నెట్టాను. రాలేదు. "కాస్త అందరూ దిగండమ్మా, బండి పైకి లేస్తుంది" అన్నాను.

"శుభమా అని ఎక్కాక దిగమంటారేంటండి?" అన్నారు మహలక్ష్మమ్మ గారు. మేనత్తలు ముగ్గురూ అవునన్నారు.

బండి రెండడుగులు ముందుకి జరిగితే కాయ వదులుతుంది. బుల్లబ్బాయి గారు కాయను వదలరు. నేను ఎక్కుదామంటే పూజైన బండి, బయటివాణ్ని. ప్రకాశరావు గారి వారసుడిగా వచ్చిన కుర్ర మేనేజరు తాళం పట్టుకుని బిక్కమొహం వేశాడు. ఖాళీగా ఉన్న ఇంటిమనిషి ఒక్కరే.

"అమ్మా, మీరు ఒక్క నిమిషం డ్రైవరు సీట్లో కూర్చోండి. ఏం చేయక్కర్లేదు. మధ్యలో ఉన్నది బ్రేకు, దాని మీద కాలుంచండి. నేను చెప్పినప్పుడు తీస్తే చాలు" అన్నాను.

మధ్యలో అన్నాను, పాత బండ్ల అలవాటు కొద్దీ. ఈ బండిలో ఉన్నవి రెండే. సత్యవతి గారు వంగి చూసి, "ఎడంపక్కదాండి?" అని అడిగి మరీ కాలుంచారు. కిటికీలోంచి నేను బండి స్టార్టు చేసి గేరు వేసి, మళ్లీ వెళ్లి నేల మీద పడుకుని, "కాలు తీయండమ్మా" అన్నాను.

తీశారు. నిమ్మకాయలు చితికాయి. కాయ టప్పున వదిలింది. బుల్లబ్బాయి గారు దాన్ని పిలకతో సహా పైకెత్తి చూపించారు. మేమిద్దరం నేల మీద పడుకునే చప్పట్లు కొట్టాం. కారు మాత్రం ఆగలేదు. కాలు తీయమన్నానే గాని, మళ్లీ పెట్టమని చెప్పలేదు.

తెరిచి ఉన్న గాజు తలుపుల్లోంచి, ర్యాంపు మీదుగా, ఐదుగురు ఆడవాళ్లతో ఆ బండి బయటికి పాకింది. నేను లేచి చెప్పులు లేకుండా పరిగెత్తాను. ఎదురుగా కొత్త కార్లు దించడానికొచ్చిన లారీ నిలబడి ఉంది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగం ఆ లారీకి అతుక్కుపోవడం కళ్లకి కట్టింది. కారు ముక్కు మెల్లగా కుడికి తిరిగింది. లారీని తప్పించుకుంది. కుండీలు దాటింది. జెండా కర్ర చుట్టూ తిరిగింది. లోపల్నుంచి మహలక్ష్మమ్మ గారి గొంతు స్పష్టంగా వినబడుతోంది.

"నిదానం. నిదానం. ఇంకాస్త తిప్పు. ఇప్పుడు తొక్కవే అమ్మాయ్, నేనూ తొక్కుతున్నా."

ఇద్దరూ కలిసి తొక్కారు. బండి గేటు ముందు ఆగింది, బస్టాపుకి ఎదురుగా.

నేను ఆయాసపడుతూ కిటికీ దగ్గరికి చేరాను. సత్యవతి గారు స్టీరింగు వదల్లేదు. కళ్లనిండా నీళ్లున్నాయి. భయపడ్డారనుకున్నాను.

"తిప్పలేదండి" అన్నారు. "కడుపులో అసలేం తిప్పలేదండి."

నేను చేసిన తప్పు

ఇప్పుడైనా రాస్తున్నాను. బండి తోలేవాళ్లకి సాధారణంగా తిప్పదు. అది నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. డ్రైవరు పక్కన కూర్చుంటే ఏమీ అవదని ఆవిడే చెప్పారు కూడా. మూడు కార్లు, అన్నేళ్లు, నేను బుల్లబ్బాయి గారిని మైలేజీ అడిగాను, రంగు అడిగాను. మహలక్ష్మమ్మ గారిని సీటు ఎత్తు సరిపోయిందా అని అడిగాను. సత్యవతి గారిని అడిగింది ఒక్కటే, కాఫీయా కూల్‌డ్రింకా అని. ముందు సీటు ఒక్కటే ఉందని, దానికి ఇద్దరు మనుషులున్నారని నా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ముందు రెండు సీట్లున్నాయి. రెండోదాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు, ఎందుకంటే తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలో నేనే ముందే నిర్ణయించేశాను. కంపెనీ వచ్చి నాకా పని చెప్పలేదు.

కొత్తవాళ్లకి నేనిచ్చే సలహా ఏదైనా ఉంటే ఇదే. ఎంతమంది వస్తే అంతమందినీ ఆ సీట్లో ఒకసారి కూర్చోబెట్టండి. వద్దన్నవాళ్లని ఇంకోసారి అడగండి.

వెనక సీటు

సత్యవతి గారు చెరువు గట్ల మీద తోలడం నేర్చుకున్నారు. ఇరుకు గట్టు, రెండు పక్కలా నీళ్లు, పక్కన తొక్కుతూ అత్తగారు. అక్కడ నేర్చుకున్నవాళ్లకి ఏ రోడ్డైనా లెక్కేముంటుంది? లైసెన్సు పరీక్ష మొదటిసారే నెగ్గారని ఫోన్ చేసి చెప్పారు. ఉండి ఊరు దాకా తనే తోలుకెళ్లి, చెల్లెలి మనవడి అన్నప్రాసనకి అందరికంటే ముందు దిగారట. వంటవాళ్లు కూడా రాలేదట అప్పటికి.

నేను రిటైరయ్యాక మొన్నామధ్య గణపవరంలో ఒక గృహప్రవేశానికి బయల్దేరాను. నాకు సొంత కారు లేదు, నవ్వకండి. పాత షోరూం ఎదురు బస్టాపులో నిలబడ్డాను. ఒక తెల్ల సెడాన్ వచ్చి నా ముందు ఆగింది, నాలుగో రూపం. అద్దం దిగింది.

"ఏవండీ, మీరిక్కడ నిలబడ్డారేంటండి? ఎక్కండి, దింపేస్తాను" అన్నారు సత్యవతి గారు. పక్కన మహలక్ష్మమ్మ గారు, వినాయకుడు తన పీట మీద. వెనక బుల్లబ్బాయి గారు కళ్లు మూసుకుని, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని ఉన్నారు. తలుపు చప్పుడు విని కాస్త జరిగారు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. అప్పుడు గమనించాను, ఆ సెడాన్ వెనక సీట్లో కూర్చుని ఒక ప్రయాణం చేయడం నాకు అదే మొదటిసారని. ముప్పై ఏళ్లు ఆ సీటు గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మోకాళ్లకి చోటు, వెనక్కి ఏసీ, మెత్తదనం. సత్యవతి గారు బాగా తోల్తారు, ఆ మాట చెప్పాలి. పిప్పర వచ్చేసరికి నా చెవుల వెనక చెమట పట్టింది. కిటికీలోంచి పచ్చటి చేలు ఒకవైపు, చేపల చెరువులు ఒకవైపు గిర్రున తిరుగుతున్నాయి. బుల్లబ్బాయి గారు కళ్లు తెరవకుండానే నిమ్మకాయ నా వైపు చాపారు. అది సరిపోయేలా లేదు.

సత్యవతి గారు అద్దంలో నన్ను చూశారు. ఆ చూపులో వెక్కిరింత లేదు, అదే నాకు ఇంకా కష్టమైంది.

"ముందు సీటు వెనక జేబులో కవర్లుంటాయండి" అన్నారు మెల్లగా. "మొహమాటపడకండి."